ఎస్2ఎస్ రేడియేషన్ ఆన్ చేసినా హీట్ ఫ్లక్స్ (చదరపు మీటరుకు ప్రవహించే వేడి) దాదాపు మారడం లేదు

ప్రశ్న: మూసిన పెట్టె, లోపల గాలి. ఎదురెదురుగా రెండు అల్యూమినియం పలకలు: ఒకటి 400 కెల్విన్, ఇంకోటి 300 కెల్విన్. ఫ్లూయెంట్ అనే ప్రవాహ, ఉష్ణ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్2ఎస్ (సర్ఫేస్-టు-సర్ఫేస్, ఉపరితలాల మధ్య రేడియేషన్‌ను లెక్కించే మోడల్) పెట్టి, ఎమిసివిటీ (ఉపరితలం రేడియేషన్‌ను ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే 0 నుంచి 1 వరకు సంఖ్య) 0.05 ఇచ్చాను. కన్వెక్షన్ (గాలి కదలిక ద్వారా వేడి ప్రసారం) ఒక్కటే ఉన్నప్పటి ఫలితానికీ ఇప్పటి ఫలితానికీ పెద్ద తేడా లేదు. పైగా వ్యూ ఫ్యాక్టర్ల (ఒక ఉపరితలం నుంచి వెలువడే రేడియేషన్‌లో ఎంత భాగం ఇంకోదానికి చేరుతుందో చెప్పే సంఖ్యల) లెక్క మెమరీ అంతా మింగేస్తోంది. ఎక్కడ తప్పు?

జవాబు 1: తప్పు మోడల్‌ది కాదు, 0.05ది. దగ్గరగా ఉన్న పెద్ద సమాంతర పలకలకు చేత్తోనే లెక్కేయండి. రెండూ బ్లాక్ బాడీలైతే (ఎమిసివిటీ 1) చదరపు మీటరుకు సుమారు 992 వాట్లు. రెండూ 0.05 అయితే 25 వాట్లే! అదే 0.9 అయితే 810 పైనే. 0.05 మెరుగుపెట్టిన లోహానికి సరిపోతుంది. మీ పలకలకు రంగు వేసి ఉంటే 0.9 దగ్గర పెట్టాలి. అడుగున ఏ లోహం ఉందన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

జవాబు 2: మెమరీ సంగతి: ఖర్చు క్లస్టర్ల (కలిపి లెక్కించే ఉపరితల ముక్కల గుంపుల) సంఖ్యకు వర్గంగా పెరుగుతుంది. ఫేసెస్ పర్ క్లస్టర్ (ఒక్కో గుంపులో ముక్కల సంఖ్య) 1 ఉంటే 10 చేసి చూడండి. మరీ పెంచితే పలకల అంచుల దగ్గర ఫ్లక్స్ మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. మెష్ (లెక్క కోసం విడగొట్టిన గడులు) గానీ క్లస్టరింగ్ గానీ మారితే వ్యూ ఫ్యాక్టర్లు మళ్లీ లెక్కించాలి, ఎమిసివిటీ మారిస్తే అక్కర్లేదు. పలకల మధ్యలో అడ్డు ఉంటే, దాన్ని లెక్కలోకి తీసుకునే బ్లాకింగ్ ఆప్షన్ ఎంచుకోవడం మరవకండి.

జవాబు 3: ఫ్లూయెంట్ చూపే టోటల్ ఫ్లక్స్‌లో రేడియేషన్ కలిసే ఉంటుంది, దానికి రేడియేషన్‌ను మళ్లీ కూడొద్దు. పెట్టెకు గాజు కిటికీ ఉండి, దాని గుండా వెళ్లే రేడియేషన్ లెక్కించాలంటే మాత్రం ఎస్2ఎస్ పనికిరాదు, డీఓ (డిస్క్రీట్ ఆర్డినేట్స్) అనే రేడియేషన్ మోడల్‌కి మారండి.