పేడ బూజుకు సోడ్ ఎంజైము పెంచితే ఆయుష్షు పెరుగుతుందా?

పేడపురుగు: నేను చెప్పేది పోడోస్పోరా అని, పశువుల పేడ మీద మొలిచే బూజు గురించి. ల్యాబులో 27 డిగ్రీల దగ్గర పెంచితే మూడు నాలుగు వారాలకే ముసలిదై ఎదుగుదల ఆగి చచ్చిపోతుంది. జార్జ్ రిజే 1953లోనే ఫ్రాన్స్‌లో ఈ సంగతి రాశాడు. ఆక్సిజన్ దెబ్బ తట్టుకునే ఎంజైములు పెంచితే ఇది ఇంకా బతుకుతుందని అందరి నమ్మకం. సోడ్ (సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్) అలాంటిదే. కణానికి శక్తి చేసిపెట్టే మైటోకాండ్రియాలో ఉండే దాని రకం సోడ్-3ని పెంచి చూస్తే ఆయుష్షు తగ్గింది. తీసేస్తే పెద్దగా తేడా లేదు. కాదనేవాళ్లు రండి.

సుభద్ర: ఈస్టులో సోడ్-1 అనే ఇంకో రకాన్ని తీసేస్తే నిలవ ఉంచిన కల్చర్ తొందరగా చస్తుందని 1996లోనే తేలింది. మీ పేడ బూజొక్కటే శిలీంధ్రమా?

గోవిందరాజులు: బూజు కాదు, శిలీంధ్రం అని రాయండి. మా ఇంట్లో బూజంటే చీపురుతో దులిపేది.

పేడపురుగు: దులుపుడు తర్వాత చూద్దాం సార్. సుభద్ర గారూ, లేకపోతే చావడం వేరు, ఎక్కువైతే బతకడం వేరు. ఉప్పు లేని పప్పు తినలేమని గుప్పెడు పోస్తామా? సోడ్ సూపర్ ఆక్సైడ్‌ని (శ్వాసలో పుట్టి కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపం) హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చి చేతులు దులుపుకుంటుంది. దాన్ని నీళ్లు చేసే కెటలేజ్ సరిపోకపోతే?

గోవిందరాజులు: చూశారా, మీరూ దులిపారు.

సుభద్ర: పెరాక్సైడ్ అంటే విషమేనా? ఈస్టుకు గ్లూకోజ్ తగ్గిస్తే పెరాక్సైడ్ పెరిగింది, దాంతో సోడ్‌లు లేచాయి, ఈస్టు ఎక్కువ రోజులు బతికింది. 2010 నాటి మాట.

రమణ_నెల్లూరు: మా నాన్నకు యాంటీ ఆక్సిడెంట్ అని పుట్టగొడుగుల పొడి కొంటున్నా, నెలకు 3,500. పనికొస్తుందా రాదా, అది చెప్పండి.

పేడపురుగు: నేను మొత్తుకునేదీ అదే! సోడ్ పెంచితే బూజుకే లాభం లేదు, నాన్నగారికేం ఒరుగుతుంది?

సుభద్ర: ఆగండి. బూజు తన ఒంట్లో తాను చేసుకునే ఎంజైముకీ, డబ్బాలో అమ్మే పొడికీ ముడి పెడతారేంటి? మీ కోపం సోడ్ మీద కాదు, పొడి అమ్మేవాళ్ల మీద.

పేడపురుగు: అవును, కోపమే. మా అమ్మకు రెండేళ్లు నా చేత్తో నేనే కలిపిచ్చాను. ఏమన్నా అంటే సైన్సు ఉందన్నారు. ఆ సైన్సేదో చూద్దామనే ఈ చదువంతా.

సుభద్ర: అది ముందే చెప్పాల్సింది. పొడి విషయంలో మీతో నాకు పేచీ లేదు. రక్షణే దండగ అన్నందుకే నా వాదన. మైటోకాండ్రియాలో ఆక్సిజన్ వాడి శక్తి తీసే శ్వాస గొలుసులో నాలుగో మెట్టు (కాంప్లెక్స్) చెడిన పోడోస్పోరా, దానికి బదులు పక్కదారి ఆక్సిడేజ్ అనే ఎంజైముతో శ్వాసిస్తుంది. సూపర్ ఆక్సైడ్ పుట్టేదే తక్కువ, నెలల తరబడి బతుకుతుంది. తుడవడం కన్నా ఒలకకుండా చూసుకోవడం. ఇదీ రక్షణే కదా?

పేడపురుగు: నీరసంగా, మెల్లగా పెరుగుతూ! అదే బూజులో ఆ పక్కదారి ఎంజైమునే ఇంకా పెంచి చూశారు. శక్తి వచ్చింది, ముసలితనమూ తిరిగొచ్చింది. దీనికేమంటారు?

సుభద్ర: రాత్రికి రాస్తా. రమణ గారూ, ఆ డబ్బా మీద ఏం రాసుందో ఫోటో పెట్టండి.