ఈ వారం సమస్య: తెల్ల వీపున్న నోటె భీతి నణగార్చె

నిర్వాహకుడు:
పోయిన వారం జపాన్ ఆర్థికమంత్రి తకహాషి కొరెకియో మీద వచ్చిన పద్యం నన్ను వదల్లేదు. ఆయన గురించి ఇంకా చదువుతుంటే ఈ నోటు తగిలింది. 1927లో జపాన్ బ్యాంకు 200 యెన్ల నోటును ఒక వైపే అచ్చు వేసింది. వెనక అంతా ఖాళీ. అలాంటి నోటు చేతికొస్తే మనకు భయం పుడుతుంది. అది భయాన్ని పోగొట్టిందంటున్నాను, పూరించండి. వేరే సందర్భాలు వద్దు, ఆ ఆర్థికమంత్రి జీవితంలోంచే రావాలి.

కృష్ణాతీరం:
బ్యాంకు గుమ్మాల జనులెల్ల బారు తీరి
దాచుకొన్నది యిమ్మని తల్లడిల్ల
మూడు వారాలు తకహాషి మొత్త మాపె
తెల్ల వీపున్న నోటె భీతి నణగార్చె

తెలియనివాళ్ళ కోసం సందర్భం. ఆ ఏడు మార్చి 14న అప్పటి ఆర్థికమంత్రి కతఓక, టోక్యో వతనబె బ్యాంకు కూలిపోయిందని పార్లమెంటులో నోరు జారాడు. అప్పటికది మూతపడనే లేదు. ఆ ఒక్క మాటకు జనం బ్యాంకుల మీద పడ్డారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం పడిపోయింది, తైవాన్ బ్యాంకూ తలుపులు మూసింది. 72 ఏళ్ళ తకహాషిని పిలిచి మళ్ళీ ఖజానా తాళాలు చేతిలో పెట్టారు.

ముక్కుసూటి:
కృష్ణాతీరం గారూ, గణాలకు వంక పెట్టను. కానీ 'మొత్తమాపె' అంటే ఏం ఆపాడు? చెల్లింపులకు మూడు వారాలు గడువు ఇప్పించాడని మీరు కింద చెబితే తప్ప పద్యం చెప్పడం లేదు. పైగా సమస్యలో బిగువంతా 'తెల్ల వీపు'లో ఉంటే, మీ మూడు పాదాలూ దాన్ని ముట్టుకోలేదు. రెండు వైపులా అచ్చున్న నోటుకైనా ఈ పూరణ సరిపోతుంది. నా ప్రయత్నం:

గుట్టలై నోట్లు బల్లపై కులుకుచుండ
చూచినంతనె మరలిరి సొమ్ము మరచి
తిప్పి చూడంగ నెవ్వాడు తెగువ జేసె?
తెల్ల వీపున్న నోటె భీతి నణగార్చె

పలకబలపం:
మూడో పాదం! నోటు కట్టలు కౌంటర్ల మీద కనబడేలా పేర్చారు. డబ్బుందని కంటికి కనిపించడమే మందు. వెనకవైపు అచ్చు వేసే టైము లేకపోయినా ఫర్వాలేదని తేల్చుకోవడానికి గుండె కావాలి. ముక్కుసూటి గారు ఆ గుండెను ఒక్క ప్రశ్నలో పెట్టేశారు.

కృష్ణాతీరం:
మూడో పాదం నాకూ నచ్చింది, దాచుకోను. అయితే తకహాషి ఎక్కడ? నిర్వాహకుల షరతు ఆయన జీవితం కదా. పోయిన వారం 'అమ్ముడైనట్టి బానిస యధిపుడయ్యె'కి మీరే రాసిన పూరణలోనూ ఇదే లోటు. చూడండి:

చదువ నేగిన బాలుని సంతకమున
కాగితమె వాని నమ్మెను కాసులకును
కాగితములనె తరువాత కాపు గాసె
అమ్ముడైనట్టి బానిస యధిపుడయ్యె

ఇందులోనూ పేరు లేదు. మీరు వివరణ రాస్తే తప్ప అమెరికాలో ఓక్లండ్ అనీ, తకహాషి అనీ ఎవరికి తెలుస్తుంది?

ముక్కుసూటి:
అక్కడ పేరు అక్కర్లేదు మాస్టారూ, కథే పేరు. 1867లో చదువుకని అమెరికా వెళ్ళిన కుర్రాడు, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టి కూలీగా అమ్ముడుపోయాడు. తిరిగొచ్చి పేటెంట్ ఆఫీసుకు తొలి అధిపతి అయ్యాడు, 1904లో రష్యాతో యుద్ధం ఖర్చుకు లండన్‌లో బాండ్లు అమ్మాడు, 1921లో ప్రధాని అయ్యాడు. పేటెంటు, బాండు, నోటు అన్నీ కాగితాలే. ఆ పద్యానికి అదే ప్రాణం.

కొల్లేటి కొంగ:
పోయిన వారం అడగలేకపోయాను. అతను బానిసా, ఒప్పందపు కూలీనా? మన కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళినవాళ్ళూ చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళే. వాళ్ళను కూలీలనే అంటాం.

పలకబలపం:
బానిసగా అమ్ముడుపోయానని తకహాషే చెప్పుకున్నాడు తమ్ముడూ. ఆయన మాట మనం దిద్దక్కర్లేదు. నీ పూరణ ఏది?

కొల్లేటి కొంగ:
ఏడు మార్లు ఖజానాకు నేలికయ్యె
పడిన దరుమ బొమ్మ మళ్ళీ పైకి లేచె
అలజడిని పడ్డ జనులకు నభయ మిచ్చి
తెల్ల వీపున్న నోటె భీతి నణగార్చె

గుండ్రటి ముఖం వల్ల ఆయన్ని దరుమ అనేవారు. దరుమ అంటే బోధిధర్ముడే, కంచి నుంచి వెళ్ళాడని మనవాళ్ళు చెప్పుకునే ఆయన. ఆ బొమ్మను ఎలా పడేసినా లేచి కూర్చుంటుంది. పెరూలో వెండి గని కొని నిండా మునిగిన మనిషి ఏడుసార్లు ఆర్థికమంత్రి అయ్యాడు.

ముక్కుసూటి:
'మ్మ మళ్ళీ' దగ్గర తేటగీతిలో చెల్లని య-గణం పడింది. 'మరల' అను, చాలు. దరుమ దొరకడం నీ అదృష్టం, నాకు తట్టలేదు.

కృష్ణాతీరం:
ఆ 'మళ్ళీ'ని మొదటి చూపులో నేను పట్టలేదు. ముక్కుసూటి గారి చెవి గట్టిది. అది ఎప్పుడూ ఒప్పుకుంటాను, ఆయన ఒప్పుకున్నా లేకున్నా. ఆయన పద్యానికి నా సవరణ, మొదటి పాదం మాత్రమే:

గుట్టలుగ నోట్లు తకహాషి కుప్ప వోయ

ముక్కుసూటి:
గుట్ట, కుప్ప రెండూ ఒకటే కదా అని రాయబోయి ఆగాను. పేరు వచ్చాక రెండో పాదంలో జనం ఎవరిని నమ్మి వెనక్కి వెళ్ళారో తెలుస్తోంది. తీసుకుంటున్నాను. పోయిన వారం పద్యం మాత్రం మార్చను.

పలకబలపం:
మీ అందరి పద్యాల్లో ఆయన గెలుస్తూనే ఉన్నాడు. 1931 డిసెంబరులో మళ్ళీ వచ్చి యెన్‌ను బంగారం నుంచి విడదీశాడు. దేశం మాంద్యంలోంచి లేచింది. లేచాక ఇక సైన్యం ఖర్చు తగ్గించాలన్నాడు. 1936 ఫిబ్రవరి 26న యువ సైనికాధికారులు అకాసకాలో ఆయన ఇంట్లో జొరబడ్డారు. అప్పుడాయనకు 81 ఏళ్ళు. ఇది రాయకుండా ఉండలేకపోయాను:

సైన్య మడిగిన కాసుల సంచి మూసి
మంచు కురిసిన వేకువ మంచమందె
కత్తికిం బలియైన యా ఘనుని చేతి
తెల్ల వీపున్న నోటె భీతి నణగార్చె

కృష్ణాతీరం:
నాలుగు పాదాలూ ఒకే వాక్యం. అక్కయ్యగారూ, 'ఘనుని చేతి' తర్వాత కాసేపు ముందుకు కదల్లేదు.

ముక్కుసూటి:
'కత్తికిం' కొంచెం పాతబడిన పలుకు. అయినా తీయొద్దు.

నిర్వాహకుడు:
1951లో వచ్చిన 50 యెన్ల నోటు మీద ఆయన బొమ్మే ఉంది. దానికి రెండు వైపులా అచ్చు ఉంది. కొల్లేటి కొంగ గారి 'మళ్ళీ'ని 'మరల' చేసి భద్రపరుస్తున్నాను. వచ్చే వారం సమస్య ఎవరైనా పంపండి, కందంలో అయితే మేలు.