ఆదివారం ఆరాధనలో ఎన్నికల అభ్యర్థికి మైకు ఇవ్వవచ్చునా?

ప్రశ్న: అరండల్‌పేట విశ్వాసి, గుంటూరు

సహోదరులకు, సహోదరీలకు వందనాలు. గుంటూరులోని ఒక స్వతంత్ర సంఘంలో నేను కమిటీ సభ్యుడిని. కార్పొరేషన్ ఎన్నికల మాట వినిపించడం మొదలైన దగ్గర నుంచి మా మందిరానికి నాయకుల రాక ఎక్కువైంది. మొన్న ప్రభు భోజన సంస్కారపు ఆదివారం నాడు వాక్యం ముగిసి, రొట్టె విరవబోయే సమయానికి, మా డివిజన్‌లో టికెట్టు ఆశిస్తున్న ఒక పెద్దమనిషి అనుచరులతో సహా వచ్చారు. ప్రభువు బల్లను గోడ వారకు జరిపి వారికి కుర్చీలు వేశారు. పాస్టరు గారు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. ఆయన మందిరానికి ప్రహరీ గోడ కట్టిస్తానని మాట ఇచ్చి, తమ పార్టీ చేసిన పనులన్నీ ఏకరువు పెట్టి, సంస్కారం మొదలు కాకముందే వెళ్లిపోయారు. సంఘం చప్పట్లు కొట్టింది. ఏ పార్టీ అన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే అవతలి పార్టీవారు వచ్చినా ఇదే మర్యాద జరిగేది.

అధికారుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు కనుక, వచ్చినవారి కోసం ప్రార్థించడంలో నాకు అభ్యంతరం లేదు. అయితే ప్రార్థన ఎక్కడ ముగుస్తుంది, ప్రచారం ఎక్కడ మొదలవుతుంది? కమిటీలో ఈ మాట ఎత్తితే, “గోడ నువ్వు కట్టిస్తావా?” అని ఎదురు ప్రశ్న వచ్చింది. పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు: పటమట న్యాయవాది, విజయవాడ

ముందుగా చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే మన సంఘాల్లో చాలామందికి ఇది తెలియదు. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం, మత సంస్థ ఆవరణను రాజకీయ కార్యకలాపాల ప్రచారానికి వాడడమే కాదు, వాడుకోనివ్వడం కూడా నేరమే. కాబట్టి చిక్కు వచ్చిన నాడు సంజాయిషీ చెప్పుకోవలసింది పాస్టరు గారూ మీ కమిటీయే. మతం పేరిట ఓటు అడగడం, అది అభ్యర్థి మతమైనా ఓటరు మతమైనా, ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అక్రమమేనని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో మెజారిటీ తీర్పు చెప్పింది.

చట్టం లేకపోయినా నా జవాబు మారదు. బంగారు ఉంగరం పెట్టుకొని సమాజ మందిరంలోకి వచ్చినవానికి మంచి చోటు చూపి, బీదవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో గట్టిగానే మందలించాడు. మీ మందిరంలో ఆ రోజు జరిగినది దానికంటే ఒక మెట్టు పైనే ఉంది, ఎందుకంటే మీరు పక్కకు జరిపినది బీదవాడి చాపను కాదు, ప్రభువు బల్లను. నాయకులు రావచ్చు, అందరితో పాటు కూర్చోవచ్చు, వారి కోసం ప్రార్థన కూడా చేయవచ్చు. మైకు మాత్రం ఇవ్వకూడదు.

జవాబు: ఒక గ్రామ సంఘ కాపరి, మంగళగిరి ప్రాంతం

న్యాయవాది గారి మాటలు పట్నంలో సొంత భవనం ఉన్న సంఘానికి సరిపోతాయి. మా ఊళ్లో విశ్వాసి చనిపోతే పాతిపెట్టడానికి చోటు లేక, పంట కాలువ గట్టు మీద సమాధి చేసిన రోజులున్నాయి. సమాధుల స్థలం కోసం మేము పెట్టుకున్న అర్జీ ఏళ్ల తరబడి కదలక, శాసనసభ్యుడు ఒక్క ఫోను చేసిన తరువాతే సర్వేయరు గొలుసు పట్టుకొని వచ్చాడు. అటువంటి మనిషి క్రిస్మస్ నాడు మందిరానికి వస్తే, వెనుక బల్ల మీద కూర్చోమని ఏ ముఖంతో చెప్పను?

1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చినప్పుడు అండగా నిలిచినది నాటి కలెక్టరు స్టోక్స్ దొర. అధికారంలో ఉన్నవారి చేయి లేకుండానే ఈ జిల్లాలో సంఘాలు నిలబడ్డాయని ఎవరూ అనుకోనక్కరలేదు.

జవాబు: కొత్తపేట ఉపాధ్యాయురాలు, గుంటూరు

కాపరి గారికి వందనాలు. మీ కష్టం నిజమే, కానీ స్టోక్స్ దొర ఓట్లు అడగవలసిన మనిషి కాదు. హేయర్ గారు తన ప్రసంగ వేదికను ఆయనకు ఇచ్చి సాయం పొందలేదు.

నేను అడిగేది వేరు. ఇన్నేళ్లుగా వేదికనెక్కించిన నాయకులను మనం ఒక్క ప్రశ్నైనా అడిగామా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు ఒక్క శాతం రిజర్వేషన్‌తో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద ఉన్నారు. వారికి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో ఒక పాస్టరు పెట్టిన కేసులోనే, క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక (అట్రాసిటీ) చట్టం రక్షణ వర్తించదని మన హైకోర్టు చెప్పింది. ఆ తరువాత ఎన్ని సెమీ క్రిస్మస్ సభలు జరిగాయో, ఎన్ని కేకులు కోశారో లెక్కలేదు. ఆ తీర్మానం ఏమైందని అడిగినవారిని నేను చూడలేదు. బాప్తిస్మ రిజిస్టరులో ఒక పేరు, కుల సర్టిఫికెట్టులో మరొక పేరు పెట్టుకొని మన పిల్లలు భయంతో చదువుకుంటున్నారు, మనం మాత్రం చప్పట్లు కొడుతున్నాం.

ఆరాధనలో మైకు ఇస్తే వారు మాట్లాడతారు, మనం వింటాం. అదే సంఘ పెద్దలు వారం మధ్యలో, మందిరం బయట, అన్ని పార్టీలవారినీ పిలిచి కాగితం మీద ప్రశ్నలు రాసి పెడితే, మనం మాట్లాడతాం, వారు వింటారు. విశ్వాసులు రాజకీయాలకు దూరంగా ఉండాలని నేను అనడం లేదు, దగ్గరగానే ఉండాలి. కానీ శనివారం రాత్రి మా వీధిలో డబ్బూ మద్యమూ పంచిన మనిషికి ఆదివారం శాలువా కప్పిన కాపరి, మరుసటి వారం తాగుడు పాపమని ఎలా ప్రసంగిస్తాడు? నా క్లాసులో పదో తరగతి పిల్లవాడు ఈ ప్రశ్న అడిగాడు.

జవాబు: గ్రామ సంఘ కాపరి

అమ్మా, వారం మధ్యలో సమావేశం అన్న మాట నాకు నచ్చింది. మా మండలంలోని కాపరులతో మాట్లాడతాను. ఒక్క విషయంలో మాత్రం నాకు ఇంకా నెమ్మది లేదు. పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కోసం నేనూ దరఖాస్తు పెట్టాను. మా సంఘంలో కానుకల పెట్టె కరెంటు బిల్లుకే సరిపోదు. మైకు ఇవ్వకూడదంటే సరే, మరి ఆ డబ్బు తీసుకుంటూ ప్రభుత్వాన్ని నిలదీయగలనా అన్నది న్యాయవాది గారు కూడా కాస్త ఆలోచించి చెప్పాలి.

జవాబు: పటమట న్యాయవాది

చట్టరీత్యా తీసుకోవడంలో తప్పు లేదు, కాపరి గారూ. అది ప్రజల పన్నుల డబ్బు, పార్టీ డబ్బు కాదు. పేరు నాయకుడి ద్వారా సిఫారసు చేయించుకోకుండా, నేరుగా దరఖాస్తు చేసుకున్నంత వరకు మీరు ఎవరికీ బాకీ పడినట్లు కాదు.