క్రైమ్ నవల చదవాలా, సిరీస్ చూస్తే చాలదా?

ఎపిసోడ్ పిచ్చోడు, హన్మకొండ:
నవల సిరీస్‌గా వచ్చేశాక ఇంకా పుస్తకం ఎందుకన్నా? విక్రమ్ చంద్ర 'సేక్రెడ్ గేమ్స్' దాదాపు 900 పేజీలు. 2018లో వచ్చిన మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లే, రెండు రాత్రుల్లో ఊదేశా. కథ తెలిసిపోయాక మళ్లీ చదవడానికి ఓపిక ఎవరికుంది?

పాత పుస్తకం, వరంగల్:
కథ తెలియడం వేరు తమ్ముడూ, బోల్తా పడటం వేరు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన రోజర్ ఆక్‌రాయిడ్ హత్య నవల చూడు. (చదవనివాళ్లు ఈ పోస్టు దాటేయండి, గుట్టు విప్పేస్తున్నా.) కథ చెప్పేది ఆ ఊరి డాక్టరు. 8.40కి ఉత్తరం తెచ్చిచ్చారంటాడు. 8.50కి తాను గది వదిలేసరికి ఆక్‌రాయిడ్ దాన్ని ఇంకా చదవనే లేదంటాడు. ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ పది నిమిషాల్లో హత్య చేసింది తానేనన్న సంగతి మింగేశాడంతే! కాజీపేట స్టేషన్లో లేటు రైలు కోసం కూర్చుని చదివా. చివరికొచ్చాక వెనక్కి తిప్పి ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టి చూసుకున్నా. నేనే గబగబా దాటేశా.

2000లో డేవిడ్ సూషే డిటెక్టివ్ పొయిరోగా వచ్చిన టీవీ రూపం కూడా చూశా. సూషే నటనకు వంక పెట్టలేం. కానీ తెర మీద డాక్టరు కూడా మిగతావాళ్లతోపాటు కనిపించే మనిషే. మొదటి నుంచీ ఆయన మీద ఓ కన్నేసి ఉంచుతాం. పుస్తకంలో ఆయన కళ్లతోనే చూస్తున్నప్పుడు ఆయన్ని ఎట్లా అనుమానిస్తాం?

క్వార్టర్ నంబర్ లేదు, కాజీపేట:
ఏరికోరి మీకు పనికొచ్చే నవలే తెచ్చారన్నా! 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన డిటెక్టివ్ సీరియల్ 'బ్యోమకేశ్ బక్షీ' వచ్చేది. శరదిందు బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన కథలవి, మా రైల్వే క్వార్టర్స్‌లో ఎవరికి చదవొస్తుంది? బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్ ధోవతి కట్టుకుని వస్తే చాలు, బాపు వాల్యూమ్ పెంచేవాడు. సగం కాకముందే "వీడే దొంగ, రాసుకో" అని పందెం. అమ్మ వంటింట్లోంచే "ఆ పనిమనిషినేం అడగలేదేంది?" అనేది. పక్కింటోళ్లు గుమ్మంలో నిలబడి అటొకరు, ఇటొకరు. ఒక్కడివే కూర్చుని చదువుకుంటే ఆ లొల్లి ఎక్కడిది?

పాత పుస్తకం, వరంగల్:
సరే, ఒప్పుకున్నా. ఇంతకీ పందెంలో మీ బాపు ఎన్నిసార్లు గెలిచిండు?

క్వార్టర్ నంబర్ లేదు, కాజీపేట:
బాపు ఎక్కడన్నా! తెర వైపు చూడకుండా అమ్మే గెలిచేది.