గడువు దాటిన ఆలివ్ నూనె వంటకు పనికివస్తుందా?

ప్రశ్న – గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో ఉండే మా ఆడపడుచు ఇచ్చిన ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె మా ఇంట్లో రెండు పాత్రల్లో ఉంది. ఒకటి మూత తీయని రేకు డబ్బా. బియ్యం డ్రమ్ము వెనక చీకట్లో ఉండిపోయింది. రెండోది సగం వాడిన తెల్ల గాజు సీసా. వేసవంతా పొయ్యి పక్క గూట్లో, కిటికీ వెలుతురులోనే ఉంది. రెండింటి మీదా అచ్చువేసిన గడువు దాటి కొన్ని నెలలైంది. ఆవకాయలో పోసిన నువ్వుల నూనె ఏడాదంతా నిలుస్తుంది కాబట్టి దీనికీ ఏమీ కాదని మా అత్తయ్యగారు అంటున్నారు. తేదీ దాటిన వస్తువు ఇంట్లో ఉండకూడదని మావారు అంటున్నారు. వంటకు వాడవచ్చా? కాకపోతే పాపకు ఒంటికి రాయవచ్చా?

జవాబు – బరంపురం

అమ్మా, నూనెలు పరీక్షించే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. మీ డబ్బానూ సీసానూ ఒకే గాటన కట్టవద్దు. నూనెలో నీరు దాదాపు ఉండదు కనుక, పాలూ కూరా పాడైనట్లు సూక్ష్మజీవుల వల్ల అది పాడుకాదు. గాలిలోని ఆక్సిజన్ కొవ్వు ఆమ్లాలతో కలిసి ముందు పెరాక్సైడ్లు పుడతాయి, తరువాత అవి విరిగి కనరు వాసననిచ్చే పదార్థాలుగా మారతాయి. నూనె చెడడమంటే ఇదే. వెలుతురు, వేడి, గాలి ఈ పనిని తొందరపెడతాయి, ఆ మూడూ మీ సీసాకు పుష్కలంగా దొరికాయి. సీసాల్లో నింపిన నాటి నుంచి సాధారణంగా 18 నుంచి 24 నెలల గడువు వేస్తారు గాని, అది మూత తీయకుండా చల్లగా, చీకటిగా ఉంచిన నూనెకు వేసిన లెక్క. మూత తీశాక కొద్ది నెలల్లోనే వాడేయాలి.

ఒక చెంచాడు నూనె చిన్న గిన్నెలో పోసి, పైన అరచెయ్యి మూసి, కాసేపు చేతి వేడి తగలనిచ్చి వాసన చూడండి. పచ్చి ఆకు వాసన, నాలుక మీద కొంచెం చేదు, గొంతులో చురుక్కుమనే ఘాటు మంచి నూనె లక్షణాలు. వాటిని చూసి చెడిందనుకోకండి. పాత వేరుశనగ పలుకులు నమిలినట్లుంటే, మైనం వాసన వస్తే, అది కనరెక్కిన నూనె. దాన్ని కాచినా ఆ వాసన పోదు, కొత్త నూనెలో కలిపితే కొత్తది కూడా త్వరగా పాడవుతుంది. ఒక పూట తిన్నంతలో ప్రాణాపాయం లేదు గాని, కడుపులో వికారం కలగవచ్చు. విటమిన్ ఇ కూడా అప్పటికే తరిగిపోయి ఉంటుంది. చలికాలంలో నూనె గడ్డకట్టినా, మసకబారినా అది చెడినట్లు కాదు.

జవాబు – జయపురం, కోరాపుట్ జిల్లా

అత్తయ్యగారి మాటలో సగం న్యాయం ఉందండీ. నువ్వుల నూనెలో సెసమాల్ వంటి సహజ రక్షకాలు ఉంటాయి కాబట్టే అది అంతకాలం ఆగుతుంది. ఆ బలం అన్ని నూనెలకూ ఉండదు. మా కొండల్లో పండే వలిసెల నూనెను ఎవరూ ఎక్కువకాలం నిలవ పెట్టరు. గాలికి త్వరగా చెడే లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ కావడంతో అది తొందరగా కనరెక్కుతుంది. ఆలివ్ నూనెలో అంత త్వరగా చెడని ఒలీక్ అనే కొవ్వు ఆమ్లం వంతు ఎక్కువ, అందువల్ల వలిసెల నూనె కంటే మేలే. అయితే గడువు దాటిన సరుకును దుకాణంవారు అమ్మకూడదు. తగ్గింపు ధరకు ఇస్తామన్నా తీసుకోకండి.

జవాబు – పర్లాకిమిడి, గజపతి జిల్లా

పాప ఒంటికి మాత్రం వద్దమ్మా. వంటకు పనికిరానిది పసిచర్మానికి ఎలా పనికివస్తుంది? తాజా ఆలివ్ నూనె సైతం కొందరు పిల్లల్లో చర్మపు రక్షణ పొరను బలహీనపరుస్తుంది. గజ్జి, పొడిచర్మం ఉన్న పిల్లలకైతే డాక్టరుగారిని అడగకుండా ఏ నూనే రాయకండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. బరంపురంవారు చెప్పినట్లే చూశాను. సీసాలోది మైనం వాసన వేస్తోంది. డబ్బాలోది పచ్చి వాసనతో, గొంతులో ఘాటుగానే ఉంది. దాన్ని ఇప్పుడు ఎలా దాచాలి?

జవాబు – బరంపురం

చిన్న చిన్న ముదురురంగు సీసాల్లోకి, పైన గాలికి చోటు లేకుండా నింపి, పొయ్యికి దూరంగా అలమరలో పెట్టండి. సీసాలు పూర్తిగా ఆరి ఉండాలి. ఒక్కొక్కటే తెరిచి, పప్పు తాలింపుకూ కూరగాయల వేపుడుకూ వాడి త్వరగా ముగించండి. చెడిన సీసాలోది తూములో పోయవద్దు, గొట్టాలు మూసుకుపోతాయి. మట్టిలోనో రంపపు పొట్టులోనో ఇంకించి చెత్తలో వేయండి.