పర్సనాలిటీ పాఠంలో ఫోరర్ ట్రిక్ వాడొచ్చా?

కొత్త లెక్చరర్:
వచ్చే వారం వ్యక్తిత్వ మనోవిజ్ఞానం మొదలుపెడుతున్నాను. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థుల మీద చేసిన ప్రయోగం క్లాసులో చేద్దామని ఉంది. ఆయన అందరిచేతా ఒక టెస్టు రాయించి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకన్నట్టు కాగితాలు పంచాడు, తీరా చూస్తే అన్నిట్లోనూ ఉన్నది ఒకటే, చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తిన వాక్యాలు. అయినా ఆ 39 మంది అది తమకెంత సరిపోయిందో చెప్పమంటే 5కి సగటున దాదాపు 4.3 వేశారు. ఇది పిల్లల్ని మోసం చేయడమేనని మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరి గొడవ. మీరేమంటారు?

చివరి బెంచీ:
మోసమే, చర్చేముంది ఇందులో. మిమ్మల్ని నమ్మి నిజాయితీగా రాసినవాళ్లు అందరి ముందూ వెర్రిమొహం వేయాలి. పైగా వాళ్లకి మిగిలేది "ఈ టెస్టులన్నీ బూటకం" అన్న అభిప్రాయం. ఆ తర్వాత వ్యక్తిత్వాన్ని ఐదు గుణాల్లో కొలిచే ఐదు లక్షణాల నమూనా గురించి మీరెంత చెప్పినా ఎవరు వింటారు?

సుద్దముక్క:
మొదటిది ఒప్పుకోను. కాగితం పక్కవాళ్లకిచ్చి చదవమనగానే క్లాసంతా నవ్వేస్తుంది, అందరూ పడ్డప్పుడు ఒక్కరి పరువేం పోదు. రెండోది మాత్రం నిజం, అక్కడితో ఆపేస్తే సగం పాఠమే. నేనైతే వెంటనే బహిర్ముఖత, అంటే నలుగురిలో కలివిడిగా ఉండే గుణం మీద పది ప్రశ్నలిచ్చి, స్కోరును బట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిలబడమంటాను. ఎక్కువమంది మధ్యలోనే గుమిగూడతారు. అప్పుడు సరిగ్గా మధ్యలో సుద్దతో గీత గీసి, ఇటువాళ్లు అంతర్ముఖులు, అటువాళ్లు బహిర్ముఖులు అంటే, గీతకు చెరోపక్క భుజాలు రాసుకుంటూ నిలబడ్డ ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇలాగే మధ్యలో గీతలు గీసి మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే మైయర్స్-బ్రిగ్స్ టెస్టుతో చిక్కేమిటో ఇక వేరే చెప్పక్కర్లేదు.

చివరి బెంచీ:
మొహమాటస్తుణ్ణి గోడ పక్కన ఒంటరిగా నిలబెట్టడం ఇంకా ఘోరం కదండీ!

సుద్దముక్క:
పేర్లు రాయించను. కాగితాలు కలిపేసి పంచుతాను, చేతికి ఎవరి స్కోరు వస్తే అక్కడ నిలబడాలి.

రిటైర్డ్ మాస్టారు:
ఏ ట్రిక్కూ లేకుండానే చెప్పొచ్చు. ఒకే ప్రశ్నావళిని విద్యార్థి తన గురించి, అతని గురించి స్నేహితుడు నింపాలి. కలుపుగోలుతనం లాంటి పైకి కనిపించే గుణాల్లో ఇద్దరి మార్కులూ సాధారణంగా దగ్గరగా ఉంటాయి, లోపలి ఆందోళన దగ్గరికొచ్చేసరికి తేడా వస్తుంది. "నువ్వు ఇంత టెన్షన్ పడతావా, ఎప్పుడూ చెప్పలేదే" అని మొదలైతే చాలు, పీరియడ్ గడిచిపోతుంది.

కొత్త లెక్చరర్:
మాస్టారి పద్ధతి రెండో రోజుకి. మొదటి రోజు ట్రిక్కే, కానీ గుట్టు అదే పీరియడ్‌లో విప్పేస్తాను, రాసిన కాగితాలు ఎవరివి వాళ్లకే ఇచ్చేస్తాను.

చివరి బెంచీ:
ఫోరర్ సంగతి ముందే తెలిసినవాడు ఒకడుంటాడు, వాడినేం చేస్తారు?

సుద్దముక్క:
వాడిచేతే కాగితాలు పంచించండి.