అప్‌డేట్: ఓల్డ్ టెనెంట్ చర్చి సంగతి తేలింది

న్యూజెర్సీలో మా మనాలపన్ దగ్గర గుట్ట మీదున్న తెల్ల చెక్క చర్చి ఎవరిదని అడిగాను కదా, జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. మతం పేరుతో వేధిస్తుంటే స్కాట్లాండ్ వదిలి వచ్చేసిన ప్రెస్బిటీరియన్లదట (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ). సంఘం 1692 నాటిది, ఇప్పటి భవనం 1751లో కట్టింది. వాళ్ల మొదటి ప్రార్థనామందిరం మాత్రం పక్కనున్న మార్ల్‌బరో ఊరి వైపు ఉండేది. అక్కడిప్పుడు పాత సమాధులే మిగిలాయి.

నన్ను కదిలించింది అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో 1778 జూన్ 28న ఇక్కడికి దగ్గర్లోనే జరిగిన మాన్మత్ యుద్ధం. గాయపడ్డ సైనికుల్ని మోసుకొచ్చి ఈ చర్చి బెంచీల మీదే పడుకోబెట్టారు. నెత్తుటి మరకలు ఇంకా కనిపిస్తాయంటారు. అన్నట్టు, ఒకప్పటి ఈ చర్చి పాస్టర్ విలియం టెనెంట్ సమాధి బయట కాదు, లోపల నడవ కిందే ఉంది!

ఈ ఆదివారం మార్ల్‌బరో సమాధులు చూడ్డానికి వెళ్తున్నా. ఎవరైనా వస్తారా?